కిసాన్ కార్డుకు ఎప్పుడు వెళ్లాలి?



చెనక్కాయ విత్తే అదును వచ్చాక బ్యాంకుకు పరిగెత్తడం మనకు అలవాటు. కాగితాలు కదిలేలోగా అదును దాటిపోతుంది. ఇక మనం పోయేది నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకిచ్చే వాళ్ల దగ్గరికే. ఏడాదికి అది 24 నుంచి 36 శాతం.

ఈ బాధ తప్పించడానికే 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది. 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 4 శాతమే. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు.

కాబట్టి జూన్ విత్తనానికి ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెడదాం. పాసుపుస్తకం, అడంగల్ ముందే సరిచూసుకుందాం. కౌలు రైతులు మొదట సాగుదారు హక్కు పత్రం తీసుకోవాలి. అది 11 నెలలే చెల్లుతుంది. పాడి ఆవులున్న వాళ్లకూ ఈ కార్డు ఇస్తారు.

ఇంకో మాట. కట్టాల్సిన గడువును మన పంటను బట్టి అడిగి రాయించుకుందాం. తోతాపురి కాయ జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, డబ్బు ఆలస్యంగా చేతికొస్తుంది. గడువు అంతకుముందే పడితే 3 శాతం రాయితీ పోయినట్టే.

కార్డు ఉన్నా అప్పు అప్పే. ధర లేకపోతే 4 శాతమూ మోయలేం. అందుకే కార్డూ అడుగుదాం, గిట్టుబాటు ధరా అడుగుదాం.