సేవాసంఘాల సభలు – సమాజసేవ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలలకూ సేవాసంఘాలకూ పాతకాలపు చుట్టరికం ఉన్నది. ఏ ఊళ్ళోనైనా ఆదివారం నాడు నేత్రశిబిరం పెట్టాలంటే మొదట అడిగేది బడి తాళంచెవులే. రక్తదానానికి బల్లలు బడివి, పోలియో చుక్కలకు వరండా బడిది, వరద వచ్చినప్పుడు తలదాచుకొనే చోటూ బడిదే. ఏడాదికొకసారి నోటుపుస్తకాలు పంచడానికి సంఘం వారు బడికి వస్తారు. మిగిలిన రోజులలో వారు ఎక్కడ కూడుతారో, కూడి ఏమి మాట్లాడుకుంటారో మాత్రం బడిలో చాలామందికి తెలియదు. అందుచేత ఈ జూబిలీ సభలో ఆ సంఘాల లోపలి సంగతి కొంత చెప్పుకోవడం ఉచితంగా ఉంటుంది.

దానం ఈ జాతికి కొత్తది కాదు. గోదావరి లంకలలోని గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ చూడక, కులం అడగక అన్నం పెట్టిన వృత్తాంతం తెలుగు ఇళ్ళలో తెలిసినదే. చెన్నపట్నంలో మరొక ఉదాహరణ ఉన్నది. 1780లో మొదలైన మైసూరు యుద్ధం వల్ల చుట్టుపక్కల పల్లెలు పాడైపోయి, 1782 నాటికి పట్నంలో భయంకరమైన కరువు వచ్చింది. ఆకలితో వచ్చినవారికి అప్పుడు గంజి కాచి పోశారు. ఆ గంజికేంద్రమే సత్రమైంది. సత్రాన్ని ఆశ్రయించి 1799లో ఒక వైద్యశాల వెలసింది. కాలక్రమాన అది స్టాన్లీ ఆస్పత్రి అయినది; 1938లో దానికి వైద్య కళాశాల కూడా ఏర్పడింది. ఉత్తర చెన్నైలో పాతతరం వారి నోట ‘గంజితొట్టి ఆస్పత్రి’ అన్న పేరే నిలిచిపోయింది.

సీతమ్మగారిది ఒక్కరి చేయి. ఆ చేయి ఆగితే పొయ్యి కూడా ఆగిపోయే ప్రమాదం ఉన్నది. గంజితొట్టి అట్లా ఆగిపోలేదు. ఒకరి తర్వాత ఒకరు దాన్ని ఎత్తుకున్నారు గనుక రెండు శతాబ్దాలు దాటి నిలిచింది. సేవాసంఘం అనేది ఈ రెండవ మార్గానికి చెందినది. వ్యక్తి మారినా పని మారకుండా ఉండడానికి చేసుకొన్న ఏర్పాటు అది.

నేడు పట్టణాలలో కనిపించే సేవాసంఘాలలో పెద్దవి రెండు, రోటరీ, లయన్స్. రెండూ అమెరికాలోని చికాగో నగరంలోనే పుట్టాయి. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ దుకాణదారు. ఒక వారం ఒకరి కార్యాలయంలో, మరు వారం మరొకరి కార్యాలయంలో వంతులవారీగా కూడేవారు గనుక రోటరీ అన్న పేరు వచ్చింది. పెద్ద నగరంలో ఒంటరితనం పోగొట్టుకోవడానికీ, పరస్పరం వ్యాపారానికి సాయపడడానికీ మొదలైన స్నేహమే తప్ప, తొలినాడు అందులో సేవ అన్న మాట లేదు. 1907లో వారు ఊరికోసం మొదటి పని చేపట్టారు. ఆ పని ఏమిటంటే, నగరపాలక భవనం సమీపంలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టడం! పూలదండలకూ ఛాయాచిత్రాలకూ అంతగా అనువైన పని కాదు. అయినా ఊరికి కావలసినది అది. ప్రారంభోత్సవాల మోజు ఎక్కువైన ఈ రోజులలో సంఘాల కార్యదర్శులు ఈ సంగతిని తరచు జ్ఞాపకం చేసుకోవడం మంచిది.

లయన్స్ సంఘం 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో ఏర్పడింది. 1925లో వారి మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. చూపు, వినికిడి రెండూ లేని ఆ విదుషీమణి, అంధుల పక్షాన నిలబడవలసిందని వారిని కోరారు. నేత్రసేవ లయన్స్ వారికి కులవృత్తి వంటిది కావడానికి కారణం ఆనాటి ఆ అభ్యర్థనే. ఈ ఉద్యమాలలో రోటరీ 1920లో కలకత్తాకూ, 1929లో మద్రాసుకూ వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయిలో కాలు పెట్టింది.

ఇక వారపు సభ. బయటివారికి అది కొంత తమాషాగా కనిపిస్తుంది. అధ్యక్షుడు గంట మోగిస్తాడు. ఆలస్యంగా వచ్చినవారికి చిన్న జరిమానా పడుతుంది. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు చదువుతారు. ఒక అతిథి మాట్లాడతాడు. కాఫీ, ఉప్మా ఉంటాయి. ‘ఇదేనా సేవ?’ అని నవ్వేవారున్నారు. కాని రోటరీలో చాలాకాలం హాజరు విషయమై కఠినమైన కట్టుబాటు ఉండేది. వరుసగా నాలుగు సభలకు కారణం చెప్పకుండా రాకపోతే సభ్యత్వం పోయేది. వేరే ఊరు వెళ్ళినవారు ఆ ఊరి సంఘపు సభకు వెళ్ళి హాజరు పూరించుకొనేవారు. 2016 నుండి ఈ నిబంధనలు సడలాయి. నెలకు రెండు సభలైనా చాలునన్నారు. సభ్యుల తీరిక చూస్తే సడలింపు న్యాయమే కావచ్చు. అయితే పోయినదేమిటో కూడా గమనించాలి. పోయినవారం ఒప్పుకొన్న పని ఏమైందని ఈ వారం పదిమంది ఎదుట అడిగే అవకాశం ఆ సభలోనే ఉండేది. చందా ఇచ్చి మరచిపోవడం ఎవరికైనా సులువే. మళ్ళీ బుధవారం ఎదురుపడి సమాధానం చెప్పవలసి రావడం అంత సులువు కాదు.

మరొక మాట. ఈ రెండు సంఘాలూ చాలాకాలం పురుషులకే పరిమితమై ఉండేవి. 1987లో లయన్స్, 1989లో రోటరీ స్త్రీలకు ద్వారం తెరిచాయి. అంతకుముందు శిబిరాలలో వంట వండినదీ, వడ్డించినదీ, వృద్ధురాలి చేయి పట్టుకొని నడిపించినదీ చాలామటుకు సభ్యుల ఇల్లాళ్ళే. సభలో ఓటు మాత్రం వారికి లేదు. నేడు చాలా ఊళ్ళలో మహిళలు అధ్యక్షులుగా ఉన్నారు. ఆలస్యమైనా జరిగింది.

సేవాసంఘం శక్తి, దాని పరిమితి రెండూ ఒకేచోట కనిపించేది నేత్రశిబిరంలో. దక్షిణాది శిబిరాలకు ఒక రూపు కల్పించిన మహనీయులలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ముఖ్యులు. తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఎట్టయాపురం వైపు నల్లరేగడి సీమలో, వడమలాపురం గ్రామంలో 1918లో ఆయన జన్మించారు. పలక లేని బడిలో నదీతీరపు ఇసుక పోసుకొని అక్షరాలు దిద్దిన బాలుడు, గంజితొట్టి నుండి పెరిగిన ఆ స్టాన్లీ కళాశాలలోనే 1944లో వైద్యపట్టం పొందారు. కీళ్ళవాతం వల్ల వేళ్ళు వంకరపోయినా, ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం అభ్యసించి లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వోద్యోగ విరమణానంతరం 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ నేత్రాలయం ఆరంభించారు. 2006లో పరమపదించారు.

ఆయన పద్ధతిలో పని రెండు భాగాలు. వైద్యం ఆస్పత్రిది; తక్కినదంతా ఊరి సంఘానిది. తేదీ నిర్ణయించడం, బడి అడగడం, కరపత్రాలు వేయించడం, మైకు కట్టిన ఆటోను పల్లెలకు పంపడం, నీళ్ళు, భోజనం, స్వచ్ఛంద సేవకులు, ఇవన్నీ సంఘం చూసుకుంటుంది. శిబిరం నాడు ఒక గదిలో పేర్లు వ్రాస్తారు; మరొక గదిలో చూపు పరీక్షిస్తారు; ఆపైన కంటిలోని ఒత్తిడి, రక్తపోటు, మూత్రంలో చక్కెర చూస్తారు; చివరకు వైద్యుడు చూస్తాడు. శుక్లం ఉన్నదని తేలినవారిని ఆ సాయంత్రమే బస్సులో ఆస్పత్రికి తీసుకువెళ్ళి, శస్త్రచికిత్స చేసి, ఒకటి రెండు రోజులలో తిరిగి ఊళ్ళో దింపుతారు. ఒకప్పుడు బడిగదులలోనే ఆపరేషన్లు చేసేవారు. అంటురోగాల భయం వల్ల ఆ పద్ధతిని విడిచిపెట్టారు.

ఇంత ఏర్పాటు ఉచితంగా చేస్తే అందరూ వస్తారని అనుకోవడం సహజం. రారు. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. శస్త్రచికిత్స ఉచితమే, కాని బస్సు చార్జీ ఉచితం కాదు. వెంట వచ్చే కొడుకుకు రెండు రోజుల కూలి పోతుంది. ఇంట్లో మేకలను చూసేవారుండరు. ‘ఈ వయసులో చూపు వచ్చి ఏం చేయాలి?’ అని ముసలమ్మ తనకు తానే తీర్పు చెప్పుకుంటుంది. అన్నిటికీ మించి కన్ను పోతుందన్న భయం. దక్షిణ భారత గ్రామాలలో జరిపి 1991లో ప్రచురించిన ఒక పరిశోధనలో, జనాన్ని శిబిరానికి రప్పించడానికి రకరకాల ఉపాయాలు పరీక్షించారు. మంచి ఫలితమిచ్చిన వాటిలో ఒకటి, అదివరకే శుక్లం తీయించుకొన్న మనిషి ఇంటింటికీ వెళ్ళి తన కంటిని చూపించి చెప్పడం. రాకపోకల ఖర్చు, భోజనం పూర్తిగా భరించడం కూడా ఫలించింది. ఏ గోడపత్రమూ ఇవ్వలేని ధైర్యాన్ని పక్కవీధి తాత ఇస్తాడు.

పరదేశంలో స్థిరపడిన తెలుగువారి విషయంలో దీనికి మరొక మడత ఉన్నది. తరాలుగా తమిళనాట ఉన్నవారికి అంగడిలో, కచేరీలో తమిళం ధారాళంగానే వస్తుంది. కాని భయం వేసినప్పుడు మనిషి ఇంటిభాషలోనే ప్రశ్న అడుగుతాడు. ‘నొప్పి పుడుతుందా? కన్ను పీకేస్తారా?’ అని అవ్వ తెలుగులో అడిగితే తెలుగులో బదులు చెప్పే మనిషి ఆ వరుసలో ఒక్కడైనా ఉండాలి. తెలుగు మాధ్యమంలో చదువుకొంటూ తమిళం కూడా నేర్చిన పిల్లలకు ఇంతకంటె తగిన సేవ మరొకటి కనిపించదు. విద్యార్థుల కోసం రోటరీ వారు ఏర్పరచిన ఇంటరాక్ట్ సంఘాలలో మొదటిది 1962లో అమెరికాలో పుట్టగా, రెండవది అదే సంవత్సరం తంజావూరులో వెలసిందన్న సంగతి ఈ నాటి పిల్లలకు తెలియజేయవలసినది.

గడప దగ్గరకు వెళ్ళడం వల్ల ఏమవుతుందో పోలియో విషయంలో దేశమంతా చూసింది. 1985లో రోటరీ వారు ఆ వ్యాధి నిర్మూలనను ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా చేపట్టారు. ఇక్కడ 1995 నుండి దేశమంతటా పోలియో ఆదివారాలు మొదలయ్యాయి. బూత్ దగ్గరకు వచ్చిన బిడ్డలకు చుక్కలు వేసినంత మాత్రాన వ్యాధి పోలేదు. తర్వాత ఇల్లిల్లూ తిరిగారు. బిడ్డలందరికీ చుక్కలు పడిన ఇంటి తలుపుపై ‘పి’ అనీ, ఎవరైనా మిగిలిపోయిన ఇంటిపై ‘ఎక్స్’ అనీ సుద్దముక్కతో గుర్తు వేసి, ‘ఎక్స్’ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళారు. సహజ పోలియో వైరస్ వల్ల వ్యాధి సోకిన చివరి కేసు ఈ దేశంలో 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో కనిపించింది. 2014 మార్చి 27న ఆ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ధ్రువీకరణ వచ్చింది. ప్రభుత్వ సిబ్బంది, ఆరోగ్య కార్యకర్తలు చేసినది కొండంత. దానికి సంఘాల వారు డబ్బు, మనుషులు, పట్టుదల తోడుచేశారు.

సంఘాల పనిలో లోపాలు లేవని ఎవరూ అనరు. నాలుగు కుట్టుమిషన్ల పంపిణీకి నలభై మంది వేదికనెక్కడం అందరూ చూసినదే. ఇచ్చే పుస్తకం ఖరీదు కంటె వెనుక కట్టిన బ్యానరు ఖరీదు ఎక్కువైన సందర్భాలూ ఉంటాయి. ముఖ్యఅతిథి వచ్చేదాకా పిల్లలను ఎండలో నిలబెట్టడం, పుచ్చుకొనే బిడ్డ ముఖాన్ని పత్రికకెక్కించడం, ఈ రెండూ ఉపాధ్యాయులు అడ్డుపడవలసిన విషయాలు. బీదతనం చూపించుకొంటేనే పుస్తకం దొరుకుతుందని నేర్చుకొన్న పిల్లవాడు ఆ పుస్తకంలోని పాఠం ఏపాటి నేర్చుకుంటాడు? తరగతి ఉపాధ్యాయుని చేతికి కట్ట ఇచ్చి, ఎవరికివ్వాలో ఆయనకే విడిచిపెట్టే సంఘాలూ ఉన్నాయి. వారి పేర్లు పత్రికలలో రావు.

శిబిరం ఆదివారంతో ముగియదు. సుమారు ఒక నెల తర్వాత అదే బడిలో, అదే వరండాలో పునఃపరీక్ష ఉంటుంది. ఆనాడు మైకు ఉండదు, షామియానా ఉండదు, ముఖ్యఅతిథి ఉండడు. ఆపరేషన్ అయినవారు వచ్చి చూపు పరీక్ష చేయించుకోవాలి; కావలసినవారికి కళ్ళద్దాలు వ్రాస్తారు; చుక్కల మందు సరిగా వేసుకొన్నారో లేదో అడుగుతారు. ఆనాడు రాని వారి పేర్లు పట్టికలో మిగులుతాయి. ఆ పట్టిక మరుసటి వారపు సభలో, గంట మోగిన తర్వాత, పుట్టినరోజుల కంటె ముందు చదవాలి. ఏ పేరు గల వారి ఇంటికి ఎవరు, ఏ రోజు వెళ్తారో అక్కడే వ్రాసుకోవాలి. ఆ వీధిలో ఈ బడి పిల్లలున్న ఇల్లు ఏదైనా ఉంటే, సంఘం వారు ముందుగా వచ్చి అడగవలసినది ఆ ఇంటినే.