హారర్ ట్రైలర్‌కి సౌండ్ ఎట్ల ఎంచుకోవాలె? మన ఊరి చప్పుళ్లు చాలు

ఇయాల ముచ్చట హారర్ ట్రైలర్, అందులోనూ ఓన్లీ సౌండ్. మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ సైడు మస్తుమంది ఫోన్‌తోనే షార్ట్ ఫిల్మ్స్ తీస్తున్నరు. హారర్ అయితే ఇంకా ఈజీ అనుకుంటం. ఒక పాత ఇల్లు, ఇద్దరు దోస్తులు, ఒక రాత్రి ఉంటే సినిమా అయిపోతది. కానీ ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే సౌండ్. ఒక పెద్ద ధడేల్, ఒక అమ్మాయి అరుపు, చివర్ల చిన్నపిల్లల నవ్వు. పది ట్రైలర్లు చూస్తే ఏది ఎవరిదో గుర్తుండదు.

ముందు ఒక టెస్ట్ చేయండి. మీకు బాగా భయమనిపించిన ట్రైలర్ ఏదైనా మ్యూట్‌లో పెట్టి చూడండి. తలుపు తలుపులాగనే ఉంటది. ముసలవ్వ ముసలవ్వలాగనే ఉంటది. ఇప్పుడు సౌండ్ ఆన్ చేయండి. అదే తలుపు, అదే అవ్వ, కానీ గుండె జల్లుమంటది. అంటే ట్రైలర్‌లో దేన్ని చూసి భయపడాలో చెప్పేది సౌండే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, లాస్ట్‌ల మళ్లీ దీని దగ్గరికే వస్తం.

ఫస్ట్ రూల్: సినిమాకి ఒక్క సౌండ్ ఎంచుకోండి. 1975లో వచ్చిన జాస్ తీసుకోండి. జాన్ విలియమ్స్ రెండంటే రెండు స్వరాలు పట్టుకుని దాన్ని నడిపించిండు. షూటింగ్‌లో మెషిన్ షార్క్ సరిగ్గా పనిచేయక చాలాసేపు షార్క్‌ని చూపియ్యనే లేదు. షార్క్ పని ఆ రెండు స్వరాలే చేసినయ్. 1960 నాటి సైకోలో బాత్రూమ్ సీన్‌కి మ్యూజిక్కే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నడు. బెర్నార్డ్ హెర్మన్ వయోలిన్లతో ఆ కోసేసే సౌండ్ చేసి వినిపిస్తే మనసు మార్చుకున్నడు. మన దగ్గర చూస్తే 1992లో రామ్ గోపాల్ వర్మ రాత్రి వచ్చింది. దానికి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మణిశర్మది. 2023లో విరూపాక్షకి అజనీష్ లోక్‌నాథ్ చేసిండు. ఇవన్నీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. సౌండ్ ఎక్కడ మొదలైందో కాదు, ఎక్కడ ఆగిందో రాసుకోండి. సగం క్లాసు అక్కడే అయిపోతది.

మరి ఆ ఒక్క సౌండ్ ఎక్కడ దొరుకుతది? మన చుట్టుపక్కలే. దీనికి చిన్న లెక్క ఉంది: అందరికీ తెలిసిన చప్పుడు, రావొద్దన్న టైములో రావాలె. గోదావరిఖనిలో గని సైరన్ షిఫ్ట్ టైముకి మోగితే ఎవరూ తల తిప్పరు. అదే టైము కాని టైములో మోగితే ఇంట్ల ఉన్న ఆడవాళ్లందరూ గుమ్మంలోకి వస్తరు. అక్కడ సౌండ్ మారలేదు, టైము మారింది. బావి కాడ మోటరు మామూలే. రాత్రి రెండింటికి కరెంటు లేనప్పుడు మోటరు నడుస్తున్న చప్పుడు వస్తే? ఆదిలాబాద్ అడవిలో ఎండకాలం టేకాకులు రాలి నేలంతా పరుచుకుంటయ్. వాటి మీద అడుగు పడితే పాపడం విరిగినట్టు పటపట అంటది. మన హీరో ఆగినంక కూడా ఆ పటపట ఇంకో రెండడుగులు వినిపిస్తే చాలు, దెయ్యాన్ని చూపియ్యక్కర్లేదు.

రికార్డింగ్‌కి ఫోన్ సరిపోతది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకుంటే మంచి టేక్‌లనే కాల్ వస్తది. గాలి ఉంటే మైక్ మీద పల్చటి బట్ట కప్పండి. వెళ్లిన ప్రతి చోటా ఏం మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ సౌండ్ తీసుకోండి. అది తర్వాత బంగారం లెక్క పనికొస్తది.

ఎందుకంటే సెకండ్ రూల్ నిశ్శబ్దం. ఊర్లల్ల రాత్రంతా కీచురాళ్లు అరుస్తనే ఉంటయ్. మనం వినం కూడా. అవి ఒక్కసారి బంద్ అయితే మాత్రం చెవి నిలబడ్తది. ట్రైలర్‌లో కూడా అట్లనే చేయండి. ధడేల్ వేసే ముందు ఒకటి, రెండు సెకన్లు అన్నీ ఆపేయండి. కానీ పూర్తి జీరో చేయొద్దు. ఫోన్‌ల చూసేటోళ్లు నెట్ ఆగిందేమో అనుకుని స్క్రీన్ కొట్టి చూస్తరు. ఆ ఖాళీ సౌండ్ ఉంది చూడండి, గది గాలి, దూరంగా కుక్క, దాన్ని సన్నగా ఉంచండి.

థర్డ్ రూల్ ఫోన్ స్పీకర్. ఎడిటింగ్‌లో హెడ్‌ఫోన్స్‌తో వింటే 40, 50 హెర్ట్జ్ బూమ్ గుండెల మీద పడ్డట్టుంటది. అదే ఫోన్ స్పీకర్‌లో దాదాపు మాయమైతది, ఎందుకంటే అంత చిన్న స్పీకర్ అంత లోతు సౌండ్‌ని పలికించలేదు. అందుకే బూమ్ మీద ఇంకో లేయర్ కలపండి: ఇనుప గేటు దెబ్బ, చెక్క తలుపు గుద్దు, అట్లాంటిది. ఇంకో సంగతి, మొత్తం గట్టిగ పెడితే భయం పెరగదు. వీడియో మరీ గట్టిగుంటే యూట్యూబ్ తనే వాల్యూమ్ తగ్గించేస్తది. అప్పుడు మీ ధడేల్, మాటలు అన్నీ ఒకే లెవెల్‌లో చప్పగా వినబడ్తయ్. చిన్నగా ఉంటేనే పెద్దది పెద్దగా అనిపిస్తది.

ఫోర్త్, కాపీరైట్. పెద్ద సినిమా బీజీఎం కట్ చేసి పెడితే కంటెంట్ ఐడీ పట్టుకుంటది. వీడియో బ్లాక్ కావొచ్చు, లేదా మీ డబ్బులు వాళ్లకు పోవొచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది, ఫ్రీసౌండ్ ఉంది. ఫ్రీసౌండ్‌లో ప్రతి సౌండ్ పక్కన లైసెన్స్ చదవండి. సీసీ జీరో అయితే ఫ్రీగా వాడుకోవచ్చు. అట్రిబ్యూషన్ అని ఉంటే పేరు వేయాలె. నాన్ కమర్షియల్ అని ఉంటే మానిటైజ్ చేసే వీడియోలో వాడొద్దు. మీరే రికార్డ్ చేసిన టేకాకుల చప్పుడు మాత్రం మీ సొంతం.

ఇప్పుడు అసలు ముచ్చట. దేన్ని చూసి భయపడాలో సౌండ్ చెప్తదని మొదట అనుకున్నం కదా. అంటే అది వేలు చూపిస్తది. మనం ఎవరి మీదికి చూపిస్తున్నం?

చాలా ట్రైలర్లలో క్షుద్రపూజ అనగానే డప్పు వేస్తరు. అడవి షాట్ పడగానే గిరిజనుల తుడుం, పెప్రె లాంటి సౌండ్ పెడతరు. మన ఊర్ల డప్పు చావుకీ మోగుతది, పెళ్లికీ మోగుతది, బోనాలకీ మోగుతది. ఒగ్గు డోలు మోగిందంటే మల్లన్న కథ చెప్తున్నరని అర్థం. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని దీపావళి రోజుల్ల దండారిలో ఆడుతుంటే తుడుం మోగుతది. ఆ గుస్సాడీ ఆటకే మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపోళ్లు దేవుడి ముందు వాయించేటివి కూడా భక్తితో మోగే వాద్యాలే. వాళ్ల దేవుడి సౌండ్ మన దెయ్యం సౌండ్ ఎట్ల అయితది?

ఇంకోటి దీనికంటే సీరియస్. ఒంటరిగా ఉండే ముసలవ్వ ముఖం మీద ఆ గుయ్యిమనే సౌండ్ వేయడం మనకు చాలా ఈజీ. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నరనే అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేసిన్రు. అది సినిమా కాదు, మన పక్క ఊరే. ఒక ట్రైలర్ చూసి ఎవరూ అట్ల చేయరు, నేనూ ఆ మాట అనట్లేదు. కానీ ఊర్ల ఇప్పటికే అనుమానం ఉన్నచోట మన సౌండ్ ఆ అనుమానానికి తాళం వేసినట్టు కావొద్దు. దానికి బదులు భయాన్ని ఖాళీ ఇంటి మీద పెట్టండి, ఆగిన కీచురాళ్ల మీద పెట్టండి, హీరో దాచిపెట్టిన తప్పు మీద పెట్టండి. కథ కూడా బలంగా అయితది, ఏ అవ్వా రేపు కిరాణా కొట్టుకి పోవడానికి భయపడదు.

సో ఈ వారం ఒక పని చేయండి. రాత్రి పూట మీ ఇంటి డాబా ఎక్కి ఒక నిమిషం రికార్డ్ చేయండి. పొద్దున కళ్లు మూసుకుని వినండి. అందులో ఏ చప్పుడు ఆగిపోతే మీకు భయమైతదో, అదే మీ ట్రైలర్ సౌండ్. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఫోన్‌లోనే మిక్సింగ్ ఎట్ల చేయాలో చూద్దాం. అప్పటిదాక ఉంటా మరి, నమస్తే.