గెస్ కొట్టకుండా ఎక్స్‌పర్ట్ సుడోకు: ఎక్స్-వింగ్ నుంచి యూనిక్ రెక్టాంగిల్ దాకా

పోయిన ఎపిసోడ్‌లో నేకెడ్ పెయిర్స్, పాయింటింగ్ పెయిర్స్ చూశాం కదా. అది చూసి ఎమ్మిగనూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నువ్వు చెప్పినవన్నీ వేశా. ఎక్స్‌పర్ట్ లెవెల్లో సగం గడులు నిండినాక ఒక్క అంకె కూడా కదలడం లేదు. ఇంక గెస్ కొట్టాల్సిందేనా?" అని.

అక్కర్లేదు తమ్ముడూ. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే.

ముందు మా మామ సంగతి చెప్తా. ఆయనది ఆదోని. పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైర్ అయ్యాడు. పొద్దున్నే పేపర్ రాగానే సుడోకు పెట్టుకుని కూర్చుంటాడు, అదీ పెన్నుతో. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి సెలవులకు వెళ్లి, ఆయన చేస్తున్నది లాక్కుని, ఒక గడిలో 4 వేసి మిగతాదంతా టకటకా నింపేశా. కరెక్టే వచ్చింది. ఆయన మెచ్చుకుంటాడనుకున్నా. పెన్ను మొనతో ఆ 4 చూపించి, "ఇది ఇక్కడికి ఎట్లొచ్చిందప్పా?" అన్నాడు.

"వేసి చూశా మామా, సరిపోయింది."

"సరిపోతే సరిపోయిందా? చిట్టాలో పది రూపాయలు తేడా వస్తే ఎవరో ఒకరి ఖాతాలో రాసి సరిపెట్టొచ్చు. రేపు రైతు వచ్చి అడిగితే ఏం చూపిస్తావు?"

అప్పుడు నాకు కోపం వచ్చింది, ఆయనకు ఓర్వలేనితనం అనుకున్నా. తర్వాత ఉద్యోగంలో ఒక బగ్‌కి కారణం తెలీకుండానే ఏదో మార్చి, టెస్ట్ పాస్ అయిందని రిలీజ్ చేశా. వారం తిరక్కుండా అదే బగ్ రాత్రి రెండింటికి నన్ను నిద్ర లేపింది. అప్పుడు గుర్తొచ్చాడు మామ.

సరే, టెక్నిక్స్‌లోకి వద్దాం. మీ యాప్‌లో నోట్స్ మోడ్ ఆన్ చేసి, ప్రతి ఖాళీ గడిలో రాగల అంకెలన్నీ చిన్నగా రాసుకోండి. వాటినే క్యాండిడేట్లు అంటాం. ఇది చేయకుండా ఈరోజు చెప్పేవి ఏవీ కనపడవు. వీడియో కాకుండా టెక్స్ట్ చదువుతున్నవాళ్లు ఒక కాగితం మీద తొమ్మిది బై తొమ్మిది గడులు గీసుకోండి.

మొదటిది ఎక్స్-వింగ్. ఎమ్మిగనూరు వాళ్లకు మగ్గం గురించి నేను చెప్పక్కర్లేదు. నిలువుగా పోయేది పడుగు, అడ్డంగా వచ్చేది పేక. సుడోకు కూడా అంతే, పడుగూ పేకా. ఇప్పుడు అంకె 7 ఒక్కటే చూడండి. 2వ అడ్డ వరుసలో 7 రావడానికి రెండే చోట్లు ఉన్నాయి: 3వ నిలువు, 8వ నిలువు. 6వ అడ్డ వరుసలో కూడా సరిగ్గా ఆ రెండే చోట్లు. ఏది ఎక్కడో మనకు తెలీదు. కానీ 2వ వరుసలో 7 మూడో నిలువులో పడితే, 6వ వరుసలో అది ఎనిమిదో నిలువుకి పోవాలి. లేదంటే అటుది ఇటు. ఎలా పడినా 3వ నిలువుకి ఒక 7, 8వ నిలువుకి ఒక 7 వచ్చేసినట్టే. అంటే ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా గడులన్నింటిలోంచి 7 కొట్టేయొచ్చు. ఒక్క అంకె కూడా నింపలేదు, చూశారా? అయినా బోర్డు కదులుతుంది.

చాలామంది ఇక్కడ చేసే తప్పు ఒకటుంది. అడ్డ వరుసలో 7కి మూడు చోట్లు ఉంటే రెండే చూసి ఎక్స్-వింగ్ అనేసుకుంటారు. మూడో చోటు ఉంటే ఇది చెల్లదు. రెండే ఉండాలి, రెండు వరుసల్లోనూ.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది, ఎక్స్‌వై-వింగ్. మూడు గడులు కావాలి, ఒక్కోదాంట్లో రెండేసి క్యాండిడేట్లు మాత్రమే ఉండాలి. 1వ అడ్డం 1వ నిలువు గడిలో 3, 5 ఉన్నాయి. దీన్ని పివట్ అంటాం. అదే అడ్డ వరుసలో 7వ నిలువు గడిలో 3, 8 ఉన్నాయి. పివట్ ఉన్న నిలువులోనే కిందికి వస్తే, 5వ అడ్డ వరుసలో 5, 8 ఉన్నాయి. పివట్ 3 అయితే పక్కనున్నది 8 అవుతుంది. పివట్ 5 అయితే కిందున్నది 8 అవుతుంది. పివట్‌కి మూడో దారి లేదు. అంటే ఆ రెండు గడుల్లో కనీసం ఒకదాంట్లో 8 గ్యారంటీ. ఇప్పుడు 5వ అడ్డం 7వ నిలువు గడి చూడండి. అది ఈ రెండింటికీ కనపడుతుంది, ఒకదానితో నిలువులో, ఇంకోదానితో అడ్డంలో. కాబట్టి అక్కడ 8 రాదు.

"అయితే అనుకుంటున్నావుగా బ్రో, ఇది కూడా గెస్సే కదా" అంటారు. ఇది చాలా మంచి డౌటు, దీన్ని వదలకూడదు. గెస్ అంటే రెండు దారుల్లో ఒకటి పట్టుకుని, దేవుడా అని పరిగెత్తడం. తప్పయితే వెనక్కి రావడం. ఇక్కడ మనం రెండు దారుల్లోనూ నడిచాం, రెండింటి చివరా ఒకే ఫలితం ఉంటే అది మాత్రమే తీసుకున్నాం. పివట్ 3నా, 5నా అన్నది ఇప్పటికీ మనకు తెలీదు. తెలిసినట్టు నటించలేదు కూడా. మామ అడిగినా చూపించగలం.

మా బీటెక్ బ్యాచ్‌కి సుడోకు అంటే బ్యాక్‌ట్రాకింగ్ కోడ్. వేయి, కుదరకపోతే తీసేయి, ఇంకోటి వేయి. కంప్యూటర్‌కి విసుగు రాదు కాబట్టి అది కళ్లు మూసి తెరిచేలోపు చేసేస్తుంది. మనిషి ఆ పని చేస్తే పది అడుగుల తర్వాత ఎక్కడ తప్పాడో కూడా గుర్తుండదు. 2012లో గ్యారీ మెక్‌గ్వైర్ టీమ్ కంప్యూటర్లతో వెతికించి, 16 అంకెలు మాత్రమే ఇచ్చి ఒకే జవాబు వచ్చే సుడోకు లేదని తేల్చింది. తక్కువలో తక్కువ 17 ఇవ్వాలి. అలాంటి పనికి కంప్యూటరే కావాలి, ఒప్పుకుంటా. కానీ తక్కువ అంకెలిస్తే కష్టం అనుకోకండి, 17 అంకెలవి ఈజీగా అయిపోయేవి చాలానే ఉన్నాయి.

"ఒకే జవాబు" అన్నా కదా, మూడో టెక్నిక్ మొత్తం ఆ మాట మీదే నిలబడింది. యూనిక్ రెక్టాంగిల్. 4, 5 అడ్డ వరుసలు, 2, 5 నిలువు వరుసలు. ఇవి కలిసేచోట నాలుగు గడులు, రెండు బాక్సుల్లో ఉంటాయి. మూడింట్లో 2, 9 మాత్రమే ఉన్నాయి. నాలుగోదాంట్లో 2, 9, 6 ఉన్నాయి. ఆ నాలుగోది 2 గానీ 9 గానీ అయితే, నాలుగు గడుల్లో 2నీ 9నీ తారుమారు చేసినా రూల్ ఎక్కడా తప్పదు. అంటే రెండు జవాబులు వచ్చేస్తాయి. సరైన సుడోకుకి ఒకటే జవాబు ఉండాలి. కాబట్టి అది 6.

ఇది మామకు చూపించా. ఆయన ఒప్పుకోలేదు. "పజిల్ వేసినోడు తప్పు చేసి ఉంటే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఎక్స్-వింగ్ బోర్డు మీద నిలబడితే ఇది వేసినవాడి మీద నమ్మకంతో నిలబడుతుంది. అందుకే పేరున్న యాప్‌లో నేను దీన్ని వాడతా, వాట్సాప్ ఫార్వర్డ్‌లో వచ్చిన పజిల్‌కి వాడను.

తమ్ముడూ, నీ స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఎక్స్-వింగే. 7లు కాదు, 1లు చూడు. పై నుంచి మూడో అడ్డ వరుసతో మొదలుపెట్టు. మిగతాది నేను చెప్పను.

ఇంకో మాట. 2017లో వరల్డ్ సుడోకు ఛాంపియన్‌షిప్ జరిగింది ఎక్కడో కాదు, మన పక్కనున్న బెంగళూరులోనే. ఈ ఆట మనకు అంత దూరం కాదు.

వెళ్లే ముందు ఒక హోమ్‌వర్క్. దీని పేరు స్వోర్డ్‌ఫిష్, ఎక్స్-వింగ్‌కి అన్న లాంటిది. అంకె 4 తీసుకోండి. 1వ అడ్డ వరుసలో 4 రాగల చోట్లు 2, 5 నిలువులు మాత్రమే. 4వ అడ్డ వరుసలో 5, 9 నిలువులు మాత్రమే. 8వ అడ్డ వరుసలో 2, 9 నిలువులు మాత్రమే. ఇప్పుడు 4ని ఏయే గడుల్లోంచి కొట్టేయొచ్చు, ఎందుకు? "ఎందుకు" రాయకుండా జవాబు పంపితే మా మామకు ఫార్వర్డ్ చేస్తా. ఉంటా మరి, బై.