ఇంటి కంప్యూటరు - దాని వేడి
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో పిల్లల హాజరీని, పరీక్షా ఫలితములను గూర్చి ముచ్చటించుకొనుట మనకు వాడుక. ఈ యేడు మాత్రము ఒక యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన విద్యార్థుల యిండ్లలో పెక్కింట ఇప్పుడు డెస్క్‌టాప్ కంప్యూటరు కలదు. వానిలో చాల భాగము ఒకరు వాడి విడిచినవి. మరమగ్గముల మీద పనిచేసియు, బీడీలు చుట్టియు కూడబెట్టిన సొమ్ముతో కొన్నవి. అట్టి వస్తువు వేసవి రాగానే మూలబడినచో ఆ యింటికి కలుగు నష్టము చిన్నది కాదు. పాఠము ఆగును. పైగా "ఆటలాడి చెడగొట్టితివి" అని పిల్లవానికి దెబ్బలు తప్పవు. వేడి చేసిన తప్పునకు బిడ్డ శిక్ష ననుభవించుట న్యాయము కాదు గదా! కావున కంప్యూటరు వేడెక్కుట యననేమి, దానిని కనిపెట్టుట ఎట్లు, తగ్గించుట ఎట్లు అను మూడు సంగతులు విన్నవించెదను.

మొదట కారణము. కంప్యూటరు పుచ్చుకొను విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు వేడిగనే మారును. అది ఎన్ని లెక్కలు చేసినను ఆ శక్తి లెక్కలలో నిలిచియుండదు. ఇండ్లలో వాడు సామాన్యమైన ప్రాసెసరులు పెక్కింటికి తయారీదారులు వ్రాయు అంకె 65 వాట్లు. వెనుకటి 60 వాట్ల గాజు బల్బును వెలుగుచుండగా తాకినవారికి ఆ వేడి యెట్టిదో తెలియును. బల్బునకైనను వేడిని వెదజల్లుటకు పెద్ద గాజుబుర్ర కలదు. ప్రాసెసరులో వేడి పుట్టెడి సిలికాను పలుకు మన బొటనవ్రేలి గోరంత మాత్రమే.

ఆ వేడి బయటపడుటకు ఒక దారి యున్నది. పలుకు నుండి పైనున్న లోహపు మూతకును, దాని నుండి మధ్య పూసిన మెత్తని లేపనము ద్వారా అల్యూమినియము రేకుల దిమ్మకును వేడి ప్రాకును. ఈ దిమ్మనే హీట్ సింకు అందురు. దాని మీది ఫ్యాను గాలిని రేకుల నడుమకు త్రోయును. వేడెక్కిన గాలి పెట్టె వెనుకనున్న రంధ్రముల గుండా గదిలోనికి పోవును. ఇది పంటకాలువ వంటిది. ఎక్కడ పూడిక పడినను నీరు వెనుకకు నిలిచినట్లు, ఈ దారిలో ఎక్కడ అడ్డు తగిలినను వేడి ప్రాసెసరు వద్దనే నిలిచిపోవును.

మన షోలాపురమున ఈ పూడిక కొంచెము వేగముగనే పడును. తాతముత్తాతల నాడు తెలంగాణము నుండి మగ్గముతో వచ్చి యిచట నిలిచిన కుటుంబములు మనవి. దుప్పట్లు, తువ్వాళ్లు నేయు మరమగ్గములు నేటికిని మన వీధులలోనే ఆడుచున్నవి. వాని నుండి లేచు నూలు పీచు గాలిలో తేలి, కంప్యూటరు ఫ్యాను పీల్చుకొనగా, హీట్ సింకు రేకుల నడుమ పొరలు పొరలుగా పేరుకొనును. కొన్నాళ్లకు అచట చిన్న కంబళి నేసినట్లే యగును. కంబళి కప్పుకొన్నవానికి చెమట పట్టక మానునా?

ప్రాసెసరు తన్ను తాను కొంతవరకు కాపాడుకొనును. 2000వ సంవత్సరము నవంబరులో వెలువడిన ఇంటెల్ వారి పెంటియమ్ 4 నాటికే, వేడి హద్దు మీరినచో తన వేగమును తానే తగ్గించుకొను ఏర్పాటు దానిలో నుండెను. నేటి ప్రాసెసరులన్నిటను ఇట్టి ఏర్పాటు కలదు. ఇంటెల్ వారి పెక్కింటికి ఈ హద్దు 100 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపుల నుండును, ఎ.ఎం.డి. వారి పెక్కింటికి 95. హద్దు చేరగానే యంత్రము మందగించును. అప్పటికిని వేడి తగ్గనిచో చటుక్కున ఆరిపోవును. కావున ఫ్యాను హోరు పెరుగుట, పని నెమ్మదించుట, చెప్పకుండ ఆరిపోవుట, వెంటనే వెలిగించినచో మరల ఆరిపోయి, కొంతసేపు విడిచినచో చక్కగ నడచుట - ఇవి వేడికి గురుతులు. చల్లని వేళ వెలిగించిన మరుక్షణమే ఆరిపోవుచున్నచో అది వేడి కాకపోవచ్చును. కరెంటు హెచ్చుతగ్గులను, విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను అప్పుడు అనుమానింపవలెను.

ఇక కనిపెట్టుట. జ్వరమును చేతితో తాకి చెప్పుటకంటె థర్మామీటరుతో చూచుట మేలు. ప్రాసెసరు లోపలనే వేడిని కొలుచు సాధనము అమర్చబడి యున్నది. కంప్యూటరును వెలిగించిన వెంటనే డిలీట్ గాని ఎఫ్ 2 గాని నొక్కిన పెక్కింట బయోస్ అను తెర వచ్చును. అందు ఉష్ణోగ్రత కనబడును. పని నడుచుచుండగా చూచుటకు విండోస్‌లో హెచ్.డబ్ల్యూ. మానిటరు, కోర్ టెంప్ వంటి ప్రోగ్రాములు ఇంట వాడుకకు ఉచితముగా దొరకును. లినక్సు వాడువారికి సెన్సార్స్ అను ఆదేశము కలదు. విండోస్‌తో వచ్చు టాస్క్ మేనేజరు ప్రాసెసరు వేడిని చూపదు గాని, ఏ ప్రోగ్రాము దానిచేత ఎంత పని చేయించుచున్నదో చూపును. ఎవరికిని అక్కరలేని ప్రోగ్రాము వెనుక నడుచుచున్నచో మూసివేయవచ్చును.

ఇచట నొక ముఖ్యమైన మాట. అంకెను చూచి బెదరరాదు. గది వేడిని అందుండి తీసివేసి చూడవలెను. ఫ్యాను ఎంత తిరిగినను ప్రాసెసరును గదికంటె చల్లగా చేయజాలదు. డిసెంబరులో గది 24 డిగ్రీలుండగా, ఒక పనిని అరగంట చేసిన పిమ్మట ప్రాసెసరు 58 చూపినదనుకొందము. తేడా 34. మే నెలలో గది 40 డిగ్రీలుండగా, అదే పనికి 74 చూపినను తేడా 34 యే. అది ఋతువు చేసిన పని; యంత్రమున దోషము లేదు. కాని మేలో అదే పనికి 90 చూపినచో తేడా 50. అప్పుడు దారిలో పూడిక పడినదని తెలియవలెను. రెండవ తరగతిలో నేర్చిన తీసివేతయే చాలును.

దీనికి ఒక నోటు పుస్తకము పెట్టుడు. వారమునకొకసారి తేదీ, గది వేడి, ఊరకున్నప్పుడు ప్రాసెసరు వేడి, అరగంట పాఠము చూచిన పిమ్మట వేడి, తేడా - ఈ అయిదు గడులు మీ బిడ్డ చేత నింపింపుడు. ప్రతిసారియు పని ఒకటే యుండవలెను. లేనిచో పోలిక కుదురదు. హార్డ్ డిస్కు వేడిని గూడ వ్రాసిన మంచిది. తయారీదారులు దానికి సాధారణముగా 60 డిగ్రీలను హద్దుగా పెట్టుదురు; 50కి లోబడి యుండుట మేలు.

నిరుడు వేసవిలో మన పదవ తరగతి విద్యార్థి తల్లి బడికి వచ్చి, "సారూ, అంగడివాడు లోపలి బోర్డు పోయినది, క్రొత్తది కొనుమనుచున్నాడు. అంత సొమ్ము మావద్ద ఎక్కడిది?" అని కన్నీరు పెట్టుకొన్నది. మన సామాన్యశాస్త్రపు మాస్టరుగారు వారింటికి పోయి కొలిచిరి. గది 38 డిగ్రీలు. ఊరకున్నప్పుడు ప్రాసెసరు 62. పాఠపు వీడియో పెట్టగా 97కు చేరి, చూచుచుండగనే ఆరిపోయెను. ప్రక్కరేకు విప్పగా హీట్ సింకు నిండ నూలు పీచు. దానిని తుడిచి వెలిగించిన పిమ్మట అదే గదిలో అదే వీడియోకు 71. తేడా 59 నుండి 33కు దిగినది. బోర్డునకు ఏమియు కాలేదు. ఆ బాలుడు ఆ యంత్రము మీదనే చదివి పరీక్షకు పోయినాడు.

కడపట నివారణ. ఖర్చు లేనివానిని ముందు చేయుడు. పెట్టెను మూసిన అలమారలో నుంచరాదు. వెనుక జానెడు ఖాళీ విడువవలెను. నేల మీద గాక పీట మీద నుంచిన పీచు తక్కువ పీల్చును. ఎండ తగులు కిటికీ, వంటపొయ్యి, మగ్గము - ఈ మూటికి దూరముగా నుంచుడు. నడుచుచుండగా దాని మీద గుడ్డ కప్పరాదు. నీటి కూలరు తడిగాలిని నేరుగా దానిపైకి వదలరాదు. రేకుల యిండ్లవారు మిట్టమధ్యాహ్నము మాని, ఉదయము గాని రాత్రి గాని పని పెట్టుకొనుట మంచిది.

తుడుచుటకు ముందు కంప్యూటరును ఆర్పి, తీగను గోడ నుండి ఊడబెరికి, వెలిగించు మీటను ఒకసారి నొక్కి విడువుడు. మిగిలిన విద్యుత్తు పోవును. ప్రక్కరేకు విప్పిన పిమ్మట పెట్టె యొక్క లోహభాగమును తాకి, ఒంటి మీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనుడు. మెత్తని పొడి కుంచెతో పీచును వదలించి, చేతి బ్లోయరుతో ఊదుడు. ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టియుంచవలెను. లేనిచో అది మితిమీరి తిరిగి చెడును. ముక్కునకు గుడ్డ కట్టుకొని ఆరుబయట చేయుడు. తడిగుడ్డ పనికిరాదు. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రము ఎవరును విప్పరాదు. తీగ తీసిన పిమ్మటను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. పిల్లలచేత ఈ పని చేయించునప్పుడు పెద్దవారు ప్రక్కనుండవలెను. మన వీధులలో మూడు నెలలకొకసారి ఇట్లు తుడుచుట అవసరము.

తుడిచినను తేడా తగ్గనిచో, ఫ్యాను సరిగా తిరుగుచున్నదో లేదో చూడుడు. అదియు బాగున్నచో లేపనము ఎండియుండును. పాత యంత్రములలో ఇది సాధారణము. హీట్ సింకును ఊడదీసి, పాత లేపనమును తుడిచి, శనగగింజంత క్రొత్తది పెట్టవలెను. తెలిసినవారిచేత చేయించుడు. ఇది కొద్ది సొమ్ముతో పోవును. ఇన్నియు చేసి చూచిన తరువాతనే బోర్డు మాట, క్రొత్త కంప్యూటరు మాట.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ అయిదు గడుల పట్టికను తెలుగులోనే గీయించి యిచ్చెదము. గది వేడిని కొలుచు థర్మామీటరు లేనివారు మన సామాన్యశాస్త్రపు గదినుండి శనివారమున తీసికొనిపోయి సోమవారమున తెచ్చి యీయవచ్చును. ఇక మీదట మీ కంప్యూటరు ఆరిపోయిననాడు బిడ్డను కోపించుటకు ముందును, అంగడికి మోసికొనిపోవుటకు ముందును ఆ పుస్తకమును తెరచి తేడాను చూడుడని నా ప్రార్థన.