గురవరాజు వేషం

చల్లపల్లి పెద్దలకు, వెనక వరుసలో ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లకు నమస్కారం.

కుర్రాళ్ల చేతికి కెమెరానో కుంచెనో ఇస్తే గొడవలకు పోకుండా కుదురుగా ఉంటారని నన్ను పిలిచిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కళ జోలపాట కాదండీ! ఊళ్లో ఒకరు దెబ్బ తింటే ఆ సంగతి నలుగురి ముందూ పెట్టడం దాని పని.

పామర్రు బస్సెక్కితే దారిలో కూచిపూడి వస్తుంది కదా, ఆ ఊరివాళ్లే దీనికి సాక్షులు. మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి పాత చరిత్ర రికార్డు, చెప్పే కథ వినండి. కూచిపూడి భాగవతులు మేళం కట్టుకుని సిద్ధవటం సీమకు వెళ్లారు. అక్కడ సమ్మెట గురవరాజు ఏలుబడి. ఆడవాళ్ల రొమ్ములకు చిరతలు బిగించి, హింసించి డబ్బు గుంజుతున్నాడు. భాగవతులు విజయనగరం చేరి రాజు వీరనరసింహరాయల ఎదుట కేళిక కట్టారు. ఒకరిది గురవరాజు వేషం, కొందరు బంట్లు, ఒకరిది ఆడవేషం. రాయలకు అర్థమైంది. సేన కదిలింది. గురవరాజు తల తెగింది.

ఇక్కడ కాస్త ఆగుతాను. సిద్ధవటం ఆడవాళ్లలో ఒక్కరినీ భాగవతులు సభకు ఈడ్చుకురాలేదు. ఆ బాధను ఒక మగవాడు తన ఒంటి మీదికి తెచ్చుకుని ఆడాడు. నేరం సభకెక్కింది, బాధితురాలి మొహం ఎక్కలేదు. కూచిపూడి అంటే భామ జడ, పళ్లెం మీద అడుగులు అంతే అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచారు.

మరి మనమో? నలుగురు ఒకణ్ణి కొడుతుంటే పదిమంది వీడియో తీస్తారు. సాయంత్రానికి అది గ్రూపులన్నీ తిరుగుతుంది. "సాక్ష్యం కదండీ" అంటారు. సాక్ష్యమైతే స్టేషన్‌లో ఇవ్వండి! గ్రూపులో పెడితే అతణ్ణి మళ్లీ మళ్లీ కొట్టినట్టే. మొహం దాచాలన్న మాట చట్టంలోనూ ఉంది: అత్యాచార బాధితురాలి ఆనవాలు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

మొహం చూపకుండానూ చెప్పొచ్చు. మేం నడిపే ఫోటో శిక్షణకొచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి తెచ్చిన ఫోటోలో మనిషే లేదు. గడియ ఊడిన తలుపు, గుమ్మం పక్కన రెండు ముక్కలైన మట్టిగాజు. రచ్చబండ దగ్గర వేలాడదీశాం. ఎవరిల్లని ఒక్క ఆడమనిషీ అడగలేదు. ఇళ్లలో దెబ్బలకు కారణమైన తాగుడు గురించి మాట్లాడుకున్నారు.

అలాంటి మాటలు ఎంత దూరం పోతాయో చూడండి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం కళాజాతాలతో ఊరూరా తిరిగింది. ఆ ఊపులోనే 1992లో ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చైనాలోని యునాన్‌లోనూ 1990లలో పల్లె ఆడవాళ్లకు కెమెరాలిస్తే తమ బతుకులు తామే చూపించారు.

2014 నుంచి తెల్లవారకముందే కార్యకర్తలు రోడ్లు ఊడుస్తున్న ఊరు మీది. గోడలు అందంగా ఉన్నాయి. ఒక్క గోడ ఈ పిల్లలకివ్వండి. ఏ బొమ్మ వెయ్యాలో మాత్రం పెద్దలు చెప్పకండి.