పాపికొండలకు వెళ్ళొచ్చాం, మాస్టారూ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నికల్ విషయం చెప్పు” అన్నారు కార్యదర్శి గారు. భోజనాల వేళకు ముందు అంత సాహసం చేయలేను. ఒక విహారయాత్ర గురించి చెబుతాను. అది 1986లో జరగాల్సింది. కిందటి కార్తీకంలో జరిగింది.

మేం పదో తరగతిలో ఉండగా సోషల్ మాస్టారు తూర్పు కనుమల పాఠం మొదలుపెడుతూ, “కొండని దగ్గరగా చూసినవాళ్ళు చెయ్యెత్తండి” అన్నారు. మంగళగిరి, బెజవాడ వెళ్ళొచ్చినవాళ్ళు ఎత్తారు. రేపల్లె బండిలో వేమూరు, భట్టిప్రోలు నుంచి వచ్చేవాళ్ళలో ఒక్కడూ ఎత్తలేదు. మన నేల అలాంటిది. తెనాలి సముద్ర మట్టానికి 11 మీటర్ల ఎత్తు, రేపల్లె అంతకంటే పల్లం. మనకు ఎత్తంటే గడ్డివామి, కాలవ గట్టు, సినిమా హాలు బాల్కనీ.

ఆ చేతులు చూసి మాస్టారు దసరా సెలవుల్లో పాపికొండలకు తీసుకెళ్తానన్నారు. తలకి అరవై రూపాయలు. మా నాన్న మినుములు అమ్మిన డబ్బులో నుంచి ఇచ్చాడు. ఆ ఆగస్టులోనే గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అక్కడ 17 లక్షలు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, అంటే దానికి రెట్టింపు. ఊళ్ళకు ఊళ్ళే నీళ్ళలో ఉంటే మీరు షికారుకెళ్తారా అని మాస్టారు ఎవరి డబ్బు వాళ్ళకు లెక్కపెట్టి ఇచ్చేశారు. మేం రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. అప్పటి మా బుద్ధి అంత.

తర్వాత నేను సివిల్ చదివి కాలవల డిజైన్లలో పడ్డాను. పాపికొండల్ని ఎన్నో ఏళ్ళు బల్ల మీద చూశాను, కాంటూరు మ్యాపుల్లో. పోలవరం ఆనకట్ట కట్టే చోటికి వెళ్ళాను గానీ అక్కణ్ణించి పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. 150 అడుగుల కాంటూరు ఎక్కడెక్కడ తిరుగుతుందో కళ్ళు మూసుకుని గీయగలను. ఆ గీతకు ఇవతల ఏముందో మాత్రం చూడలేదు.

కిందటి కార్తీకంలో మా బ్యాచి వాళ్ళం ముగ్గురం బయల్దేరాం. బాపట్లలో స్థిరపడ్డ మిత్రుడు ఒకడు, రేపల్లె దగ్గర ఏడెకరాలు సాగు చేస్తున్న మిత్రుడు ఒకడు, నేను. తెనాలిలో రైలెక్కి కొవ్వూరు దాటగానే గోదావరి వంతెన. రెండు మైళ్ళకు కాస్త తక్కువ పొడవు. రేపల్లె వాడు కిటికీ దగ్గరే నిలబడి మొత్తం దాటేదాకా కూర్చోలేదు. రాజమండ్రిలో దిగి కారులో గండిపోచమ్మ గుడి రేవుకు చేరాం. బోటు అక్కడే ఎక్కాలి.

ఎక్కేముందు అందరి పేర్లూ రాసుకుని లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా బాపట్ల వాడు “ఉక్కపోస్తోందిరా” అని విప్పబోయాడు. నేను ఊరుకోలేదు. 2019 సెప్టెంబరు 15న ఈ దారిలోనే, కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదుల మంది పోయారు. ఆ రోజు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల పైన ప్రవాహం ఉంది. బోటు 200 అడుగుల పైచిలుకు లోతులోకి జారిపోయింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళు వేసి 38వ రోజున దాన్ని బయటికి లాగింది.

అక్కడ అంత సుడి ఎందుకంటే, ఇదొక్కటే నేను చెప్పే టెక్నికల్ విషయం. రాజమండ్రి దగ్గర మైళ్ళ వెడల్పున పరుచుకుని పారే నీళ్ళే పైన కొండల మధ్య కొన్ని వందల మీటర్ల సందులోంచి రావాలి. వచ్చే నీరు తగ్గదు. అందుకని లోతైనా పెరగాలి, వేగమైనా పెరగాలి. వరదలో రెండూ పెరుగుతాయి. పైగా ఒడ్డున రాళ్ళు నీళ్ళలోకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటికి కొట్టుకుని నీరు వెనక్కి తిరుగుతుంది. కార్తీకంలో చూస్తే అదే చోటు తామర కొలనులా ఉంటుంది. చూసి మోసపోకూడదు.

దేవీపట్నం దాటాక కొండలు దగ్గరికి జరగడం మొదలవుతాయి. ముందు నీలంగా, తర్వాత పచ్చగా, ఆ తర్వాత ఒక్కొక్క చెట్టూ విడిగా. నది ఒక మలుపు తిరగ్గానే దారి మూసుకుపోయినట్టుంటుంది, ఇంకాస్త ముందుకెళ్తే పక్కకు తెరుచుకుంటుంది. నెత్తిన పాపిడి తీసినట్టు నది కొండల్ని చీల్చుకుని వస్తుంది కాబట్టి ఇవి పాపిడి కొండలనీ, అదే పాపికొండలైందనీ చెబుతారు. ఆ మాట వినడానికి బాగుంది, చూశాక నమ్మబుద్ధయింది. బోటులో మైకు పెట్టి డాన్సులు వేయించకపోతే ఇంకా బాగుండేది. ఇంజను శబ్దం కూడా అక్కడ ఎక్కువే.

1,012 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపల పులి ఉంది, అడవిదున్న ఉంది. మాకు కనిపించినవి కోతులు, నీటికాకులు. ఒడ్డున కోసుకుపోయిన చోట ఎర్రగా కనిపించే రాయి ఖొండలైటు. ఈ కనుమల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. మాస్టారు అప్పట్లో ఈ మాట చెప్పారు, నాకు పరీక్షలో రాలేదు.

పేరంటపల్లిలో దిగాం. మునివాటం, శివాలయం, కొండ మీంచి దిగే సెలయేరు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. దారి పక్కన కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన బుట్టలు, పూలు పెట్టుకుని అమ్ముతున్నారు. నేనొక బుట్ట బేరం చేస్తుంటే పెద్దావిడ అడిగింది.

“ఏ ఊరు బాబూ?”

“తెనాలమ్మా.”

“అక్కడా గోదారేనా?”

“కాదమ్మా, కృష్ణ. కొన్నేళ్ళుగా గోదారి నీళ్ళు కూడా వస్తున్నాయి.”

అది నిజం. 2015 నుంచి పట్టిసీమలో 24 పంపులు గోదావరిని ఎత్తి పోలవరం కుడి కాలవలో పోస్తున్నాయి. ఆ నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి, ప్రకాశం బ్యారేజీ నుంచి దుగ్గిరాల మీదుగా మన కాలవల్లోకి వస్తాయి. కృష్ణలో పైనుంచి నీళ్ళు రాని ఏడు మన నారుమళ్ళను తడిపేవి పాపికొండల మధ్య నుంచి దిగిన నీళ్ళే.

“పంటలు పండుతున్నాయా?” అంది ఆవిడ.

రేపల్లె వాడు జవాబు చెప్పాడు. “పండుతున్నాయమ్మా. మావి కాలవ చివరి భూములు. ఆలస్యంగా వస్తాయి గానీ వస్తున్నాయి.”

“మంచిది” అంది. కాసేపాగి, “మమ్మల్ని ఇక్కణ్ణించి వెళ్ళమంటున్నారు. ఇళ్ళు కట్టిస్తారంట. అక్కడ వెదురుంటుందా బాబూ?” అంది.

నీళ్ళు ఎంతవరకు వస్తాయని అడిగి ఉంటే చెప్పగలిగేవాణ్ణి. 150 అడుగులు. తెనాలి నేల మట్టానికి వంద అడుగులకు పైన. సుమారు లక్ష కుటుంబాలు కదలాలని కూడా నాకు తెలుసు, అది రిపోర్టులో ఉంటుంది. వెదురు సంగతి ఏ డ్రాయింగులోనూ రాయలేదు. బుట్టకు ఆవిడ చెప్పిన ధరే ఇచ్చాను. అదేం జవాబు కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

తిరుగు ప్రయాణంలో రేపల్లె వాడు చాలాసేపు మాట్లాడలేదు. రేవు దగ్గరకొచ్చాక, “ఒరే, నీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయని నేను ఏటా మా లస్కరుతో పోట్లాడతాను” అన్నాడు. అంతే అన్నాడు.

పోలవరం వద్దని నేననను. నా జీతం నీళ్ళ మీదే వచ్చింది, నా మిత్రుడి పంట నీళ్ళ మీదే వస్తుంది. కొండలు మునగవు, కొండల పాదాలు మునుగుతాయి. లోయ అడుగున ఇప్పుడున్న ఊళ్ళు, ఇసుక తిన్నెలు, రేవులు, ఆవిడ కూర్చున్న మెట్లు జలాశయం నిండాక కనిపించవు. అందుకే ఈ సభలో ఒక మాట అడుగుతున్నాను. ఈ ఏడు మన బడి పదో తరగతి పిల్లల్ని కార్తీకంలో అక్కడికి తీసుకెళ్దాం. వరద తగ్గాకే, అనుమతి ఉన్న బోటులోనే, జాకెట్టు విప్పనివ్వకుండా. కొండలు చూపిద్దాం, ఆ ఊళ్ళూ చూపిద్దాం, అక్కడివాళ్ళతో మాట్లాడనిద్దాం. పిల్లలు ఏం అడుగుతారో మనం ముందే రాసివ్వొద్దు.

బస్సు ఖర్చు మా ముగ్గురిదీ. మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకోవడానికి వీల్లేదు, బోటు దాకా కారు వెళ్తుంది, నేను చూశాను. మాస్టారూ, 1986లో మీరు వెనక్కిచ్చిన అరవై రూపాయలు ఈ కవరులో ఉన్నాయి. దయచేసి తీసుకుని, లిస్టులో మా ముగ్గురి పేర్లు మళ్ళీ రాయండి.