గుండెపోటు పిమ్మట నైట్రేటు మాత్రలు



గుండెపోటు వచ్చి, బ్రదికి, ఇల్లు చేరినవాని జేబులో నొక చిన్న మాత్రల పట్టీ తఱచుగా నుండును. ఆయువున్నంతకాలము దానిని వాడవలెననియు, అదియే ప్రాణమును నిలుపుచున్నదనియు మన పల్లెలలో పలువురి నమ్మకము. ఇందెంత నిజము గలదో నేడు విచారింతము.

ఆ మాత్రలోని మందు నైట్రేటు జాతికి చెందినది. దాని పుట్టుక వింత. 1847లో సొబ్రెరో అను ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు నైట్రోగ్లిసరిన్ అను ద్రవమును చేసెను. దానితోనే నోబెల్ దొర బండలు పగులగొట్టు డైనమైటును తయారుచేసెను. రాతినేలలో బావి త్రవ్వించినవారికి డైనమైటు సంగతి నేను చెప్పనక్కఱలేదు. నాలుక క్రింది మాత్రకు దానితో చుట్టఱికము గలదు! 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ గుండెనొప్పికి దీని గుణమును లోకమునకు వెల్లడించెను. శరీరములో నిది నైట్రిక్ ఆక్సైడు అను వాయువు నిచ్చి రక్తనాళములను వదులు చేయును. గుండె మోయు బరువు తగ్గును, నొప్పి శమించును.

అయితే నొప్పి తగ్గుట వేఱు, ఆయువు పెరుగుట వేఱు. 1994లో ఇటలీ వైద్యులు 19 వేలకు పైగా గుండెపోటు రోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించిరి. 1995లో పలు దేశములకు చెందిన 58 వేల మంది రోగులపై జరిగిన మఱియొకటి వెలువడెను. ఒకదానిలో ఆరు వారములు, రెండవదానిలో నెల దినములు నైట్రేటు నిచ్చి చూడగా, మరణములు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. కావున నొప్పియే లేనివాడు, ఒకప్పుడు గుండెపోటు వచ్చినదను కారణముచేతనే యేండ్ల తరబడి దీనిని మ్రింగుటకు తగిన ఆధారము లేదు. నొప్పి మఱల మఱల వచ్చువానికి మాత్రమిది గొప్ప యుపకారి. అట్టివాడు వైద్యుని యడుగక హఠాత్తుగా మానరాదు.

నాకు కలవరము కలిగించు సంగతి వేఱొకటి. వానలు లేక వేరుశనగ యెండిన యేట మందుల ఖర్చును తగ్గింపవలసివచ్చును. అప్పుడు నొప్పిని తగ్గించు మాత్రను నిలుపుకొని, ఆస్పిరిన్‌ను, కొలెస్టరాల్ మాత్రను మానువారున్నారు. ఇవి తిన్నను, మానినను ఆ దినమున నేమియు తెలియదు గదా! కాని రెండవ గుండెపోటును నివారించునవి యివియే.

మఱియు రేయింబవళ్లు నైట్రేటు వాడినచో శరీరము దానికి అలవాటుపడి, మందు పని తగ్గును. అందుకే వైద్యులు దినమున కొన్ని గంటలు, తఱచుగా రాత్రివేళ, విరామముంచుదురు. పని చేయుటలేదని మాత్రలు పెంచుకొనుట తగదు.

మన అనంతపురపు ఎండలలో నింకొక జాగ్రత్త గలదు. చెమటలో నీరు పోయినవానికి రక్తపుపోటు ముందే తగ్గియుండును. అతడు పొలములో నిలుచుండి మాత్ర వేసికొన్నచో కన్నులు తిరిగి పడిపోవచ్చును. నీడకు చేరి, కూర్చుండి వేసికొనవలెను. మాత్రలను పట్టీనుండి తీసి కాగితమున చుట్టి రొండిన దోపుకొనరాదు. వేడికి గుణము చెడును. పురుషత్వము కొఱకు సిల్డెనాఫిల్ వంటి మందు వాడినవారు సిగ్గుపడక వైద్యునకు చెప్పవలెను. ఆ రెండును కలిసినచో రక్తపుపోటు ప్రాణాపాయముగా పడిపోవును.

మాత్ర వేసికొన్న అయిదు నిమిషములలో నొప్పి తగ్గనిచో 108కి ఫోను చేయుడు. రాయదుర్గము ప్రాంతమునుండి అనంతపురము చేరుటకు గంటకు పైగా పట్టును. మాత్రపై మాత్ర వేసి వేచియుండుటకు వ్యవధి లేదు. రోగి ఎన్ని మాత్రలు, ఏ వేళ వేసికొన్నది బండిలో వచ్చినవారికి చెప్పి, ఆ పట్టీని వారి చేతికిండు.